వస నూనెకు జన్యు భద్రత పరీక్ష: ఒక్క ఏమ్స్ నివేదిక సరిపోతుందా?

మన్యం_రైతు (సోమవారం, ఉదయం 8:40)

సభ్యులందరికీ నమస్కారం. పాడేరు వైపు మేము కొందరు రైతులం కలిసి నిమ్మగడ్డి, పామరోజా నూనెలు తీస్తున్నాము. నీరు నిలిచే మడులలో వస వేసి, దుంపలను ఎండబెట్టి, అదే యూనిట్‌లో ఆవిరి పట్టి నూనె తీశాము. పసిపిల్లల మర్దన నూనెలు తయారుచేసే ఒక సంస్థ ఈ నూనెను కొంటామని ముందుకు వచ్చింది, కాని జన్యు భద్రతను తెలిపే నివేదిక ఉండాలని షరతు పెట్టింది. మేము ఒక ప్రయోగశాలకు నమూనా పంపించి, ఏమ్స్ పరీక్ష అనే బాక్టీరియా పరీక్ష చేయించాము. వచ్చిన నివేదిక సారాంశం ఇది: సాల్మొనెల్లా బాక్టీరియాలో టీఏ98, టీఏ100 అనే రెండు రకాలపై, ఎస్9 కలపకుండా, ప్లేటుకు 10 నుంచి 500 మైక్రోగ్రాముల వరకు పరీక్షించారు, పై మోతాదు దగ్గర బాక్టీరియా పొర పలచబడింది, కాలనీల సంఖ్య పెరగలేదు కనుక ఈ నూనెకు ఉత్పరివర్తన గుణం, అంటే డీఎన్ఏలో మార్పు తెచ్చే గుణం, లేదు. ఈ కాగితాన్ని కొనుగోలుదారుకు పంపవచ్చునా, ఇంకేమైనా చేయించవలసి ఉంటుందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

కణదర్శిని (సోమవారం, ఉదయం 11:15)

రైతు గారూ, ఆ కాగితంలో ఉన్న మాటలు అబద్ధమని నేను అనను. అయితే వస నూనె విషయంలో అడగవలసిన ప్రశ్నను ఆ ప్రయోగం అడగనే లేదు. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇటువంటి నివేదికలు మన దగ్గర చాలా తిరుగుతున్నాయి.

ఈ పరీక్షను 1970 దశకంలో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఏమ్స్ బృందం రూపొందించింది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోలేని సాల్మొనెల్లా రకాలను తీసుకుని, హిస్టిడిన్ దాదాపుగా లేని మాధ్యమంపై పరిచి, పరీక్షించవలసిన పదార్థాన్ని కలుపుతారు. ఆ పదార్థం డీఎన్ఏలో మార్పు తెస్తే కొన్ని బాక్టీరియాలు పోయిన సామర్థ్యాన్ని తిరిగి పొంది కాలనీలుగా పెరుగుతాయి. 37 డిగ్రీల వద్ద రెండు మూడు రోజులు ఉంచి ఆ కాలనీలను లెక్కపెడతారు. ఏమీ కలపని ప్లేటులో కూడా టీఏ100కు సాధారణంగా వంద పైచిలుకు కాలనీలు వస్తాయి కనుక, మోతాదుతో పాటు సంఖ్య పెరిగి ఆ సహజ సంఖ్యకు రెట్టింపు అయినప్పుడే ఎక్కువ ప్రయోగశాలలు దానిని అనుకూల ఫలితంగా, అంటే ఉత్పరివర్తన గుణం ఉన్నట్లుగా, పరిగణిస్తాయి.

పరీక్షా పద్ధతులకు ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 471వ మార్గదర్శకం (1997 నాటిది, 2020లో సవరించారు) కనీసం ఐదు బాక్టీరియా రకాలు ఉండాలని చెప్తుంది: టీఏ98, టీఏ100, టీఏ1535, టీఏ1537, వీటితో పాటు టీఏ102 గాని, ఈ.కోలై డబ్ల్యూపీ2 రకం గాని. ఒక్కొక్క రకం ఒక్కొక్క తరహా మార్పును మాత్రమే పట్టగలదు. మీ నివేదికలో రెండే ఉన్నాయి. అయినా అది చిన్న లోపమే. అసలు లోపం ఎస్9 లేకపోవడం.

ఎలుక కాలేయాన్ని నూరి, గురుత్వాకర్షణకు 9,000 రెట్ల బలం కలిగేలా తిప్పినప్పుడు పైన తేలే ద్రవాన్ని ఎస్9 అంటారు. మన కాలేయంలో ఉండే సైటోక్రోమ్ పీ450 ఎంజైములు అందులో ఉంటాయి, బాక్టీరియాలో ఉండవు. చాలా మొక్కల రసాయనాలు ఉన్న రూపంలో డీఎన్ఏ జోలికి పోవు. కాలేయం వాటిని విసర్జనకు సిద్ధం చేసే క్రమంలోనే చురుకైన రూపాలు పుడతాయి. వస నూనెలోని బీటా అసరోన్ సరిగ్గా ఇటువంటిదే. టీఏ100లో ఎస్9 కలిపినప్పుడు అది ఉత్పరివర్తనాలు కలిగించిందని 1983లోనే ప్రచురితమైంది. దాని పక్క గొలుసుపై కాలేయ ఎంజైములు ఏర్పరచే ఎపాక్సైడ్ అందుకు కారణమని తరువాతి పరిశోధనలు చూపాయి. కనుక ఎస్9 లేకుండా వస నూనెను పరీక్షించి ఏమీ లేదనడం, దీపం ఆర్పి గదిలో ఎవరూ కనబడలేదని చెప్పడం వంటిది.

మరొక సంగతి. సుగంధ తైలాలు బాక్టీరియాను చంపుతాయి. అందుకే ప్లేటుకు 5 మిల్లీగ్రాముల గరిష్ఠ మోతాదు వరకు వెళ్లడం చాలాసార్లు సాధ్యం కాదు. పొర పలచబడిన చోట ఆగడం నియమమే కనుక 500 దగ్గర ఆపినందుకు ప్రయోగశాలను తప్పుపట్టను. నూనెను దేనిలో కరిగించారు, పాజిటివ్ కంట్రోల్‌గా, అంటే తప్పక కాలనీలు పెంచవలసిన తెలిసిన పదార్థంగా, ఏమి వాడారు అన్న వివరాలు నివేదికలో ఉన్నాయా?

మన్యం_రైతు (సోమవారం, మధ్యాహ్నం 1:05)

డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించినట్లు రాశారు. టీఏ100కు సోడియం అజైడ్, టీఏ98కి 2-నైట్రోఫ్లోరీన్ అని ఉంది. నూనెలో ఏయే పదార్థాలు ఎంత శాతం ఉన్నాయో చూపే కాగితం మా వద్ద లేదు, వారు అడగలేదు కూడా.

జీసీ_శిఖరం (సోమవారం, సాయంత్రం 4:30)

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది ఈ చివరి వాక్యమే. ఏ నూనెను పరీక్షించారో తెలియకుండా అది భద్రమని చెప్పడం ఎలా కుదురుతుంది? సుగంధ తైలం ఒకే పదార్థం కాదు. పదుల కొద్దీ, ఒక్కోసారి వందకు పైగా పదార్థాల మిశ్రమం. ప్లేట్లు పోయడానికి ముందే, ఏ పదార్థం ఎంత ఉందో విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ చేయించవలసింది.

వస విషయంలో ఇది మరీ ముఖ్యం. ఈ మొక్కలో క్రోమోజోముల జట్ల సంఖ్యను బట్టి నూనె పూర్తిగా మారిపోతుంది. ఉత్తర అమెరికాలోనూ సైబీరియాలోనూ కనబడే రెండు జట్ల రకంలో బీటా అసరోన్ ఉండదు. ఐరోపాలోని మూడు జట్ల రకంలో తక్కువగా ఉంటుంది. మన దేశంలో దొరికే నాలుగు జట్ల రకంలో నూనెలో నాలుగింట మూడు వంతులకు పైగా అదే ఉండవచ్చు. విదేశీ పుస్తకంలో వస నూనె గురించి చదివిన మాటను మన మడిలోని వసకు అన్వయించేటప్పుడు ముందుగా ఇది చూసుకోవాలి. మీ దుంపలు ఈ ప్రాంతం నుంచే సేకరించినవైతే బీటా అసరోన్ అధికంగా ఉంటుందనే నేను అనుకుంటాను, అయినా కొలిచి చూడవలసిందే.

వచాదివైద్యం (సోమవారం, రాత్రి 8:50)

నేను ఆయుర్వేద వైద్యుడిని. ఈ చర్చ ఒకవైపే వెళ్తోందనిపించి రాస్తున్నాను. వస కొమ్మును దీపపు మంటపై కాల్చి, సానరాయిపై తల్లిపాలతో అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాయడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆచారం. బిడ్డకు మాట త్వరగా వస్తుందని నమ్మకం. గలగలా మాట్లాడే పిల్లలను వసపిట్ట అని మురిపెంగా పిలుచుకుంటాము. ఇంతమంది బిడ్డలకు ఏ హాని జరిగింది? అదీ గాక, శాస్త్రంలో వచను, అంటే వసను, పచ్చిగా వాడమని చెప్పలేదు. గోమూత్రంలోనూ, ముండీ కషాయంలోనూ, పంచపల్లవ కషాయంలోనూ ఉడికించి, గంధోదకంతో ఆవిరి పట్టి శోధించిన (శుద్ధి చేసిన) తరువాతే ఔషధాలలో వాడమని ఉంది. ఒక్క రసాయనాన్ని విడదీసి, బాక్టీరియాపై పరీక్షించి, మొత్తం ద్రవ్యాన్ని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

బాసెల్_తెలుగు (మంగళవారం, ఉదయం 7:20)

వైద్యులు గారూ, శోధన గురించి మీరు చెప్పినది విలువైన మాట. ఉడికించడం వల్లా ఆవిరి పట్టడం వల్లా ఎగిరిపోయే భాగంలో కొంత తగ్గుతుందని ఊహించడం సమంజసమే. అయితే రైతు గారు చేస్తున్న పని శోధనకు పూర్తిగా ఎదురుదిశలో ఉంది. శోధన ఏ భాగాన్ని తగ్గిస్తుందని అనుకుంటున్నామో, ఆవిరి స్వేదనం ఆ భాగాన్నే విడదీసి సీసాలో నింపుతుంది. దుంపకు ఉన్న సంప్రదాయ అనుభవాన్ని నూనెకు సాక్ష్యంగా చూపలేము.

నేను ఇక్కడ బాసెల్‌లో మూలికా ఉత్పత్తుల అనుమతుల విభాగంలో పనిచేస్తున్నాను కనుక ఒక లెక్క చెప్తాను. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ మూలికా ఔషధాల సంఘం 2005లో అసరోన్ ఉన్న మూలికా ఔషధాలపై విడుదల చేసిన ప్రకటనలో, మూలికా ఔషధాల ద్వారా రోజుకు సుమారు 115 మైక్రోగ్రాముల బీటా అసరోన్‌ను, అంటే శరీర బరువులో కిలోకు సుమారు 2 మైక్రోగ్రాములను, తాత్కాలికంగా అంగీకరించవచ్చునని చెప్పింది. ఇప్పుడు పసిపిల్లల మర్దన నూనెను తీసుకుందాం. అందులో వస నూనె ఒక్క శాతం ఉందనీ, ఒకసారి మర్దనకు 5 మిల్లీలీటర్లు వాడతారనీ అనుకుంటే, బిడ్డ ఒంటిపై చేరే వస నూనె సుమారు 50 మిల్లీగ్రాములు. దానిలో 80 శాతం బీటా అసరోన్ అయితే 40 మిల్లీగ్రాములు. చర్మం అందులో నూటికి ఒక వంతే పీల్చుకుందనుకున్నా 400 మైక్రోగ్రాములు లోపలికి వెళ్తుంది. ఐదు కిలోల బిడ్డకు పై లెక్క ప్రకారం హద్దు 10 మైక్రోగ్రాములు. నలభై రెట్లు. నా ఊహలలో దేనినైనా సగానికి తగ్గించండి, ఫలితం మారదు.

దుంప సంగతి కూడా చూద్దాం. అరగదీసిన గంధంలో 10 మిల్లీగ్రాముల దుంప ఉందనీ, దుంపలో నూనె రెండున్నర శాతమనీ, అందులో బీటా అసరోన్ 80 శాతమనీ అనుకుంటే 200 మైక్రోగ్రాములు వస్తుంది. మంటపై కాల్చినప్పుడు కొంత పోతుంది, నిజమే. కాని నేనైతే నా బిడ్డకు రాయను.

వచాదివైద్యం (మంగళవారం, ఉదయం 9:10)

మీ లెక్కను కాదనను. నూనెకూ శోధిత వచకూ తేడా ఉందన్న మాటను అంగీకరిస్తున్నాను. అయితే ఏ హాని జరిగిందన్న నా ప్రశ్న అలాగే మిగిలింది.

కణదర్శిని (మంగళవారం, ఉదయం 10:40)

ఆ ప్రశ్నకు ఇంటి అనుభవం జవాబు చెప్పలేదు, అది అనుభవానికి ఉన్న పరిమితి. వాంతులు, దద్దురు, మగత వంటివి ఏ తల్లి అయినా వెంటనే గుర్తిస్తుంది. అటువంటి విషయాలలో సంప్రదాయానికి నేను ఎంతో గౌరవం ఇస్తాను. జన్యువులో కలిగే మార్పు ఆ రోజున ఏ లక్షణమూ చూపదు. దాని ఫలితం కనబడేసరికి ముప్ఫై, నలభై ఏళ్లు గడిచిపోతాయి, అప్పటికి ఆ వ్యక్తికి పసితనంలో వస పోశారా లేదా అని అడిగేవారు ఉండరు. ఈ రకమైన పరీక్షలు పుట్టింది ఆ ఖాళీని పూరించడానికే.

పైగా వస విషయంలో మన దగ్గర ఉన్నది బాక్టీరియా సాక్ష్యం ఒక్కటే కాదు. జమ్మూ రకపు వస నూనెను ఆహారంలో కలిపి దీర్ఘకాలం పెట్టిన ఎలుకలలో పేగు కంతులు వచ్చాయని 1967లో అమెరికాలో నివేదించారు. మరుసటి ఏడాదే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వసను ఆహారంలో నిషేధించింది. 1987లో వెలువడిన మరొక అధ్యయనంలో, పాలు మరవని మగ చిట్టెలుక పిల్లలకు అసరోన్‌ను ఇచ్చినప్పుడు కాలేయ కంతులు ఏర్పడ్డాయి. మన దేశపు ఆహార నిబంధనలు కూడా రుచి, వాసనల కోసం బీటా అసరోన్‌ను వాడటాన్ని నిషేధించాయి. ఆ నిషేధిత పదార్థాల పట్టికలోనే ఎస్ట్రగోల్, సాఫ్రోల్, యూజినైల్ మిథైల్ ఈథర్ (అంటే మిథైల్ యూజినాల్) కూడా ఉన్నాయి.

ఉల్లివేరు (మంగళవారం, మధ్యాహ్నం 2:25)

నమస్కారం. నేను విశాఖపట్నంలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాను. నా ప్రాజెక్టు తులసి నూనెపై. మా విభాగంలో ఉల్లిగడ్డ వేళ్ల కొనలను నూనె ద్రావణంలో ఉంచి, రంగు వేసి, క్రోమోజోముల లోపాలను లెక్కించే పద్ధతి ఉంది. ఖర్చు చాలా తక్కువ. రైతు గారికి అది ఉపయోగపడుతుందా? రెండో ప్రశ్న: తులసి నూనె ఎస్9 కలిపిన ఏమ్స్ పరీక్షలో కూడా ప్రతికూల ఫలితమే, అంటే ఉత్పరివర్తన గుణం లేదనే ఫలితమే, ఇచ్చిందనీ, పైగా ఇతర ఉత్పరివర్తన కారకాల ప్రభావాన్ని తగ్గించిందనీ కొన్ని పత్రాలలో చదివాను. అప్పుడు దానిని భద్రమైనదిగా పరిగణించవచ్చునా?

కణదర్శిని (మంగళవారం, సాయంత్రం 6:00)

ఉల్లి వేరు పరీక్ష బోధనకు చక్కనిది, కాలువ నీటి కాలుష్యం వంటివాటిని వడపోయడానికి కూడా పనికివస్తుంది. కాని దానికి ఓఈసీడీ మార్గదర్శకం లేదు. మొక్కల కణంలోని ఎంజైములు మన కాలేయపు ఎంజైములకు ప్రత్యామ్నాయం కావు. నూనె వేరు కొనను కాల్చివేస్తే కణ విభజన ఆగిపోతుంది, ఆ ఆగడాన్ని జన్యు హానిగా పొరబడే ప్రమాదమూ ఉంది. కొనుగోలుదారుకు అది చూపవద్దు.

మీ రెండో ప్రశ్న చాలా మంచిది. ముందుగా రక్షణ గుణం గురించి. నూనె బాక్టీరియాను చంపుతుందని చెప్పుకున్నాము. ఉత్పరివర్తన కారకంతో పాటు నూనెను కలిపినప్పుడు కాలనీలు తగ్గితే, అది జన్యువును కాపాడినందువల్ల తగ్గాయా, బాక్టీరియా చచ్చినందువల్ల తగ్గాయా? బతికి ఉన్న బాక్టీరియా సంఖ్యను అదే ప్లేటు పరిస్థితులలో విడిగా లెక్కించి చూపని పత్రాన్ని నేను పక్కన పెడతాను. అటువంటివి ఎన్ని ఉన్నాయో చూస్తే మీకే బెంగ కలుగుతుంది.

ఇక ప్రతికూల ఫలితం. తులసి నూనెలో యూజినాల్‌తో పాటు మిథైల్ యూజినాల్ ఉంటుంది, దాని శాతం రకాన్ని బట్టి చాలా మారుతుంది. మిథైల్ యూజినాల్, ఎస్ట్రగోల్, సాఫ్రోల్ ఒకే కుటుంబానికి చెందినవి. కాలేయం వీటిని రెండు మెట్లలో మారుస్తుంది. మొదటి మెట్టులో పీ450 ఎంజైములు పక్క గొలుసుకు హైడ్రాక్సిల్‌ను తగిలిస్తాయి. రెండో మెట్టులో సల్ఫోట్రాన్స్‌ఫెరేజ్ అనే ఎంజైము దానికి సల్ఫేటును అతికిస్తుంది. ఆ సల్ఫేటు ఊడిపోయినప్పుడు మిగిలే ధనావేశిత రూపమే డీఎన్ఏను అంటుకుంటుంది. మామూలు ఎస్9 మిశ్రమంలో మొదటి మెట్టుకు కావలసిన సహకారకాలు పోస్తారు, రెండో మెట్టులో సల్ఫేటును అందించే పీఏపీఎస్ అనే సహకారకాన్ని పోయరు. ఒకవేళ బాక్టీరియాకు వెలుపల ఆ సల్ఫేటు ఏర్పడినా, దానికున్న ఆవేశం వల్ల కణం లోపలికి చేరడం కష్టం. కనుక ఈ కుటుంబానికి ఎస్9 కలిపిన ఏమ్స్ పరీక్ష కూడా గుడ్డిదే. మానవ సల్ఫోట్రాన్స్‌ఫెరేజ్‌ను తమలోనే తయారుచేసుకునే విధంగా మార్చిన టీఏ100 బాక్టీరియాపై పరీక్షించినప్పుడు మిథైల్ యూజినాల్ హైడ్రాక్సీ రూపం ఉత్పరివర్తన గుణాన్ని చూపింది.

అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమం 2000లో ప్రచురించిన రెండేళ్ల అధ్యయనంలో మిథైల్ యూజినాల్ ఎలుకలలోనూ చిట్టెలుకలలోనూ కాలేయ కంతులు కలిగించింది. మనుషుల కాలేయ నమూనాలలో డీఎన్ఏకు అంటుకున్న మిథైల్ యూజినాల్ శేషాలు దొరికాయి. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులలో బహుశా క్యాన్సర్ కారకమయ్యే 2ఏ వర్గానికి మార్చింది. తులసి ఆకు నమలవద్దని నేను చెప్పడం లేదు. ఆకులోని మోతాదు వేరు, సీసాలోని నూనె వేరు.

జీసీ_శిఖరం (మంగళవారం, రాత్రి 7:45)

ఉల్లివేరు గారూ, మీ తులసి నూనెకు క్రోమటోగ్రామ్ తీయించారా? తీయించకపోతే ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వచాదివైద్యం (మంగళవారం, రాత్రి 9:30)

మరి జంతువులపై చేసే సూక్ష్మ కేంద్రక పరీక్ష ఉంది కదా. అది నిండు శరీరంలో, నిజమైన కాలేయం గుండా జరుగుతుంది. బాక్టీరియా పరీక్షకు ఇన్ని లోపాలున్నప్పుడు నేరుగా దానినే చేయించి తేల్చుకోవచ్చు కదా?

కణదర్శిని (బుధవారం, ఉదయం 10:05)

న్యాయమైన ప్రశ్న. ఓఈసీడీ 474 ప్రకారం చిట్టెలుకలకు లేదా ఎలుకలకు మూడు మోతాదులలో పదార్థాన్ని ఇచ్చి, ఎముక మజ్జలో అప్పుడే తయారైన ఎర్ర రక్తకణాలను పరిశీలిస్తారు. ఈ కణం పరిపక్వమయ్యేటప్పుడు తన కేంద్రకాన్ని బయటకు నెట్టివేస్తుంది. క్రోమోజోము ముక్క ఏదైనా తెగిపోయి ఉంటే అది చిన్న చుక్కగా లోపలే మిగిలిపోతుంది; ఆ చుక్కే సూక్ష్మ కేంద్రకం. ఒక్కో జంతువుకు కనీసం 4,000 లేత కణాలను చూసి ఆ చుక్కలున్నవాటిని లెక్కిస్తారు. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన జట్టులో ఆ సంఖ్య స్పష్టంగా పెరగాలి, లేకపోతే ప్రయోగమే చెల్లదు. లేత, ముదురు కణాల నిష్పత్తి తగ్గిందా అన్నది కూడా చూడాలి; అది తగ్గితే పదార్థం మజ్జను చేరిందని ఒక ఆనవాలు.

చిక్కు అక్కడే ఉంది. బీటా అసరోన్, మిథైల్ యూజినాల్ వంటివాటి నుంచి కాలేయంలో పుట్టే చురుకైన రూపాలు అల్పాయుష్కులు. పుట్టిన చోటే కాలేయపు డీఎన్ఏను అంటుకుంటాయి. రక్తంలో ప్రయాణించి మజ్జను చేరేవి స్వల్పం. అందువల్ల కాలేయంలో కంతులు కలిగించే పదార్థం కూడా మజ్జలో శుభ్రంగా కనబడవచ్చు. అందుకే ఔషధాల కోసం 2011లో ఖరారైన ఐసీహెచ్ (ఔషధ నియమాలను దేశాల మధ్య సమన్వయపరచే సంస్థ) ఎస్2 మార్గదర్శకంలోని రెండో మార్గం, ఏమ్స్‌తో పాటు జంతువులోని రెండు కణజాలాలను చూడమంటుంది: సాధారణంగా మజ్జలో సూక్ష్మ కేంద్రకాలు, కాలేయంలో డీఎన్ఏ తునకలను కొలిచే కామెట్ పరీక్ష. సుగంధ తైలాలకు నేను ఎప్పుడూ ఈ జతనే సూచిస్తాను.

ఇంతా చెప్పి, రైతు గారి వస నూనెకు ఏ జంతు పరీక్షనూ చేయించవద్దనే అంటాను. తెలిసిన జన్యు హాని కారకం సగానికి పైగా ఉండే అవకాశమున్న మిశ్రమంపై లక్షలు ఖర్చుపెట్టి, జంతువులను బలిపెట్టి, కొత్తగా తెలుసుకునేది ఏమీ ఉండదు. ఫలితం ప్రతికూలంగా వచ్చినా బీటా అసరోన్‌పై ఇప్పటికే ఉన్న సాక్ష్యాన్ని అది కొట్టివేయలేదు. కూర్పు తెలియని నూనెకూ, కూర్పు తెలిసినా అందులోని ప్రధాన పదార్థాలపై సమాచారం లేని నూనెకూ పరీక్షలు అవసరం.

ఒక చిన్న పక్కమాట: మొక్కల నుంచి వచ్చినది క్రోమోజోముకు హాని చేయదనుకునేవారు, మా ప్రయోగశాలలలో కణ విభజనను మధ్యలో ఆపడానికి దశాబ్దాలుగా వాడుతున్న కోల్చిసిన్ మన అడవినాభి దుంపలోనూ ఉందని గుర్తుంచుకోవాలి.

మన్యం_రైతు (బుధవారం, మధ్యాహ్నం 12:30)

విషయం స్పష్టమైంది. ఆ నివేదికను పంపడం లేదు. ఆ సంస్థ వారికి ఫోను చేసి, పసిపిల్లల నూనెకు ఈ సరుకు ఇవ్వలేమని ఉదయమే చెప్పాను. వారు వేరే చోట కొంటామన్నారు. రెండు అడుగుతాను. నిమ్మగడ్డి నూనెకు కూడా ఇదే భయం ఉందా? బీటా అసరోన్ లేని వస రకాన్ని మేము వేసుకోగలమా?

బాసెల్_తెలుగు (బుధవారం, మధ్యాహ్నం 3:15)

నిమ్మగడ్డి నూనెలో ప్రధాన భాగం సిట్రాల్. అది ఏమ్స్ పరీక్షలలో ఉత్పరివర్తన గుణం చూపలేదు. దానితో వచ్చే ఇబ్బంది ఎక్కువగా చర్మపు అలర్జీ. అక్కడ కూడా ప్రతి బ్యాచికి కూర్పు కాగితం ఉంటే మీ బేరం బలపడుతుంది. కొనుగోలుదారు పరీక్ష కోరితే, భారతదేశం 2011 నుంచి పరీక్షల సమాచారాన్ని దేశాలు పరస్పరం అంగీకరించే ఓఈసీడీ వ్యవస్థలో పూర్తి సభ్యత్వం కలిగి ఉంది కనుక, జాతీయ జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతుల) ధ్రువీకరణ ఉన్న మన ప్రయోగశాలలోనే చేయించవచ్చు. ఆ నివేదికను ఐరోపాలో మళ్లీ చేయమని అడగరు. ధ్రువపత్రంలో ఉత్పరివర్తన పరీక్షల విభాగం ఉందో లేదో చూసుకుని డబ్బు కట్టండి.

జీసీ_శిఖరం (బుధవారం, సాయంత్రం 5:40)

రెండు జట్ల వసను తెచ్చి నాటాలంటే మొక్కల దిగుమతి నిబంధనలు దాటాలి, పైగా మన్యం వాతావరణంలో అది ఎంత నూనె ఇస్తుందో ముందే లెక్క కట్టలేము. దానిపై ఆశ పెట్టుకుని మడి ఖాళీగా ఉంచవద్దు.

ఉన్న నూనెను కొలిపించదలిస్తే ఇలా పంపండి. ముదురు రంగు గాజు సీసాలో మెడ వరకు నింపండి, ప్లాస్టిక్ వద్దు. సీసాపై బ్యాచి సంఖ్య, దుంప సేకరించిన ఊరు, స్వేదనం చేసిన తేదీ, ఎన్ని గంటలు ఆవిరి పట్టారన్నది రాయండి. నివేదికలో అసరోన్ అని మొత్తంగా కాకుండా ఆల్ఫా, బీటా రూపాలను విడివిడిగా, ప్రామాణిక నమూనాతో పోల్చి కొలిచి ఇవ్వమని ముందే లిఖితపూర్వకంగా కోరండి. క్రోమటోగ్రామ్ గీతలోని శిఖరాల వైశాల్యపు శాతం మాత్రమే ఇస్తే అది కొలత కాదు, అంచనా.

మన్యం_రైతు (బుధవారం, రాత్రి 8:10)

అలాగే చేస్తాను. వసతో పాటు నిమ్మగడ్డి, పామరోజా నమూనాలను కూడా అదే పెట్టెలో పంపిస్తున్నాను. కాగితాలు రాగానే ఇక్కడే పెడతాను.